ముందు కూర్చోడానికి చోటు చూపించండి

"నీలో కసి లేదురా" అనే మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. ఉద్యోగం చేసుకుంటూ పోటీ పరీక్షలకి చదివే మన పిల్లలు చెన్నైలో ఎలా ఉంటున్నారో ఎవరైనా చూశారా? గదికి ముగ్గురు. ఒకడు ఫోన్లో మాట్లాడుతుంటాడు. ఇంకొకడికి తెల్లారి షిఫ్టు, లైటు వేస్తే ఊరుకోడు. చదువూ మంచం మీదే, తిండీ మంచం మీదే. ఆ మంచం మీద పుస్తకం పట్టుకుంటే కునుకు రాక ఏమొస్తుంది? దానికి బద్ధకమని పేరు పెట్టి, ఫ్యామిలీ గ్రూపులో ఒక మోటివేషన్ వీడియో పడేస్తాం. ఆ ఊపు స్నానం చేసి వచ్చేలోపే దిగిపోతుంది.

మనసు నిలవాలంటే ముందు మనిషి ఒకచోట నిలవాలి. రోజూ అదే చోటు, అదే వేళ. బుద్ధి పుట్టినా పుట్టకపోయినా వెళ్ళి కూర్చోవాలి.

చెన్నైలోనే, కొట్టూరుపురంలో అన్నా శతజయంతి గ్రంథాలయం ఉంది, 2010లో తెరిచారు. సొంత పుస్తకాలు తెచ్చుకుని చదువుకునేవాళ్ళకి అక్కడ విడిగా ఒక విభాగమే ఉంది. 2011లో దాన్ని పిల్లల ఆస్పత్రిగా మారుస్తామని ప్రభుత్వం అంటే జనం కోర్టుకెక్కారు, మద్రాసు హైకోర్టు ఆపింది. ఆ కోర్టుకెక్కినవాళ్ళకి చేతులెత్తి దండం పెట్టాలి.

అక్కడే సూళ్ళూరుపేట కుర్రాడొకడు చదవడం చూశాను. ఒక పేజీ చదివి పుస్తకం మూసేస్తాడు. పాత ప్రింటవుట్ల వెనక, గుర్తున్నదంతా నీలం పెన్నుతో రాస్తాడు. మళ్ళీ పుస్తకం తెరిచి, వదిలేసినవి ఎర్ర పెన్నుతో నింపుతాడు. "ఎరుపు ఎక్కువుంటే రేపు మళ్ళీ ఇదే పేజీ అన్నా" అన్నాడు. ఆ రోజు కాగితం నిండా ఎరుపే. ముఖంలో దిగులు మాత్రం లేదు.

2006లో రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు కాలేజీ విద్యార్థులతో ఇదే పరీక్షించి చూశారు. చదివిందే మళ్ళీ చదివినవాళ్ళకి అయిదు నిమిషాల తర్వాత ఎక్కువ గుర్తుంది. వారం గడిచాక చూస్తే, పుస్తకం చూడకుండా గుర్తు తెచ్చుకుని రాసినవాళ్ళదే పైచేయి. మనవాళ్ళేమో పుస్తకం తిరగేసి తిరగేసి, రంగు పెన్నులతో గీతలు గీసి, వచ్చేసిందనుకుంటారు. పరీక్ష హాల్లో ఏదీ గుర్తుకు రాదు. "నాకు చదువు అబ్బదు" అని డీలా పడిపోయేది అక్కడే. పద్ధతి చెప్పేవాళ్ళు లేక ఎంత మంచి పిల్లలు చదువు వదిలేశారో తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది.

ఆంధ్రాలో, తెలంగాణలో ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు కూడా కడుతున్నాం, 1960 నాటి చట్టం అది. ఆ డబ్బుతో ప్రతి మండల కేంద్రంలో రాత్రి పది దాకా తెరిచుండే ఒక హాలు అడుగుదాం. ఫ్యాన్లు, మంచినీళ్ళు, శుభ్రమైన బాత్రూములు, ఆడపిల్లలు భయం లేకుండా ఇంటికెళ్ళే ఏర్పాటు. ఈసారి ఓట్లకి వచ్చినవాళ్ళని గుమ్మంలోనే నిలబెట్టి అడగండి.

చెన్నైలో ఉన్న తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మీరు అందాకా ఆగొద్దు. ఈ వారమే కొట్టూరుపురం వెళ్ళండి. వెళ్ళేటప్పుడు రెండు రంగుల పెన్నులు పట్టుకెళ్ళండి.