చేప తలకు మూడు విభక్తులు

ముప్పై ఏళ్లు తెలుగు వ్యాకరణం బోధించి పదవీ విరమణ చేసిన నేను, డు ము వు లతోనే జుట్టు నెరసినవాడికి అరబీ విభక్తులు ఒక లెక్కా అన్న ధీమాతో పాతబస్తీలోని ఒక ఉస్తాద్‌గారి దగ్గర చేరాను. వాక్యంలోని ఒక్కొక్క పదాన్నీ నిలబెట్టి, నువ్వెవరు, నీ చివరనున్న అచ్చు ఏది, అది ఎవరివల్ల వచ్చింది అని ఠాణాలో అడిగినట్టు అడగడం ఆయన పద్ధతి. దీన్ని ఇరాబ్ అంటారు. మొదటి నెలంతా 'దరబ జైదున్ అమ్రన్', అంటే జైదు అమ్రును కొట్టాడు, అన్న వాక్యంతోనే గడిచింది. 'ఉన్' తగిలినవాడు కర్త, 'అన్' తగిలినవాడు కర్మ. తరతరాలుగా తన్నులు తింటున్న ఆ అమ్రు మీద జాలిపడే తీరిక వ్యాకర్తలకు ఉన్నట్టు లేదు.

రెండో నెలలో చేప వచ్చింది. 'అకల్తు స్సమకత హత్తా రఅ్‌స...' అని చెప్పి, ఉస్తాద్‌గారు తల దగ్గర ఆగిపోయారు. 'రఅ్‌సిహా' అంటే హత్తా 'వరకు' అనే అర్థమిచ్చే అవ్యయం. చేపను తల దాకా తిన్నాను, తల మిగిలింది. 'రఅ్‌సహా' అంటే హత్తా సముచ్చయం. తలను కూడా తిన్నాను. 'రఅ్‌సుహా' అంటే అక్కడ కొత్త వాక్యం మొదలైనట్టు. తల కర్తృస్థానంలో ఉంటుంది, 'తినబడింది' అనే ఖబర్, అంటే విధేయం, లోపించింది, దాన్ని ఉన్నట్టు ఊహించుకోవాలి. రెండోది నాకు ఇట్టే పట్టుబడింది, ఎందుకంటే రఅ్‌సహాలో మన 'తలతో సహా' ఉండనే ఉంది. ఫర్రా అనే మహావైయాకరణుడు సైతం హత్తా సంగతి మనసులో తేలకుండానే పోతున్నానని వాపోయాడట.

ఆ మరునాడు మృగశిర కార్తె. మా ఆవిడ బొచ్చె చేప పులుసు పెట్టి, ఊరినుంచి వస్తున్న ఎనభై దాటిన వాళ్ల నాన్నగారి కోసం తలకాయను వేరే గిన్నెలో తీసి పెట్టింది. "ఏమండీ, ఉప్పు సరిపోయిందో లేదో చూడండి" అని చెప్పి, ఆయన్ను తీసుకురావడానికి బస్టాండుకు వెళ్లింది. నేను నోటుపుస్తకం పక్కన పెట్టుకుని, దగ్గరున్న గిన్నె అందుకున్నాను. సిహా అనుకుంటూ ఒక దవడ, సహా అనుకుంటూ రెండో దవడ, సుహా అనుకుంటూ లోపలి మెత్తటి భాగం నోట్లో పెట్టుకుని, ఉప్పు సరిగ్గా సరిపోయిందని తీర్మానించేసరికి గిన్నెలో ఎముకలు తప్ప మరేమీ లేవు.

"తలకాయ ఏదండీ?" అంది మా ఆవిడ. నేను నోటుపుస్తకం తెరిచి మూడు పక్షాలనూ సోదాహరణంగా వివరించి, మొదటి పక్షం ప్రకారం తల ఇంకా ఉన్నట్టేనని మనవి చేశాను. మామగారు కండువాతో చెమట తుడుచుకుంటూ అంతా ఓపికగా విన్నారు.

"మూడింట రెండు పక్షాల్లో మీరే తినేశారన్నమాట, అల్లుడుగారూ" అన్నారు.

భోజనాల దగ్గర ఆయన విస్తట్లో రెండు నడిమి ముక్కలు పడ్డాయి. నాకు అన్నంమీద పులుసు మాత్రం పడింది. ముక్క కోసం నేను తలెత్తి చూస్తే మా ఆవిడ గరిటె పక్కన పెట్టేసింది.

"లోపించిందండీ. ఉన్నట్టు ఊహించుకోండి."