బల్లి పలికింది, రాజా కూర్చున్నాడు

మా బావమరిది సివిల్ ఇంజనీరింగ్ చదివి, కుక్కలకి ట్రైనర్ అవుతానన్నాడు. ఒడిశాలోని మా బరంపురంలో పట్టుచీరలు నేసి బతికేవాళ్ళున్నారు, అప్పడాలు, ఊరగాయలు అమ్మి బతికేవాళ్ళున్నారు. కుక్కకి కూర్చోవడం నేర్పి బతుకుతానన్నవాడు మాత్రం మా వీధికి వీడే మొదలు. మా మామగారు లేరు కాబట్టి వాడి భోజనం, వాడి పెళ్ళి, ఈ కొత్త వృత్తి మూడూ మా నెత్తినే పడ్డాయి. మొదటి శిష్యుడు మా రాజా. ఓ వానాకాలం మా అరుగెక్కి మళ్ళీ దిగని నల్ల కుక్క.

"కర్ర ఏది నాయనా?" అంది మా అమ్మ పాఠం మొదలయ్యే ముందు. దండం దశగుణం భవేత్ అన్నది ఆవిడకి వచ్చిన ఏకైక సంస్కృతం.

"ఇందులో కర్ర ఉండదత్తయ్యా. తప్పు చేస్తే పట్టించుకోం. ఒప్పు చేస్తే వెంటనే తినిపిస్తాం."

"అల్లుళ్ళని అలాగేగా చూస్తున్నాం. ఒక్కడైనా మాట విన్నాడా?"

నేనూ ఒక ఇంటి అల్లుణ్ణే గనక పేపర్లోంచి తల ఎత్తలేదు.

వాడు తగ్గలేదు. స్కిన్నర్ అనే అమెరికన్ శాస్త్రవేత్త 1930లలో ఎలుకని పెట్టెలో పెట్టి, మీట నొక్కితే తిండి పడేలా చేశాడట. ఎలుక ఇక మీట వదల్లేదట. ఆయన శిష్యులు బ్రేలాండ్ దంపతులు 1940లలో దాన్నే వ్యాపారం చేసి, కోళ్ళకి కూడా విద్యలు నేర్పారట. "కోడితో ఏం చెయ్యాలో నాకు తెలుసులే" అని అమ్మ వంటింట్లోకి వెళ్ళిపోయింది.

పద్ధతి వింటే మాత్రం సబబుగానే ఉంది. కుక్క కూర్చున్న క్షణంలోనే బహుమతి అందాలి. మనం జేబు తడుముకునే లోపల అది లేచి చెవి గోక్కుందనుకోండి, గోక్కున్నందుకే పెట్టారనుకుంటుంది. అందుకని కూర్చోగానే ముందు ఒక చప్పుడు చెయ్యాలి, "శభాష్, ఇదే" అన్నట్టు. ఆ వెనకే ముక్క. చప్పుడుకి క్లిక్కర్ అని ఒకటి అమ్ముతారు. మావాడు ఆ ఖర్చు దండగని, నొక్కే బాల్‌పెన్ను పెట్టుకున్నాడు. ముక్కలకి మొదట ఉడికించిన లివర్ వాడాడు గానీ, జేబు వాసనకి వీధి కుక్కలన్నీ ఊరేగింపుగా వెంటపడేసరికి ఛెనాకి, అంటే విరిగిన పాల ముద్దకి, దిగాడు. బఠానీ గింజంత ఛెనా. టక్, ముక్క. టక్, ముక్క. రాజా చకచకా నేర్చేసుకున్నాడు. ఎంతగా అంటే, టక్‌మంటే చాలు, ఎక్కడున్నా పరిగెత్తుకొచ్చి ఎదురుగా కూర్చునేవాడు. కొరియర్ కుర్రాడు సంతకానికి పెన్ను నొక్కినా అంతే. ఆ కుర్రాడు ఇప్పుడు పార్శిళ్ళు గేటు మీదనుంచి విసిరేసి పోతున్నాడు.

అసలు గొడవ బల్లితో వచ్చింది.

మా వసారాలో ట్యూబ్‌లైటు వెనక ఒక ముసలి బల్లి కాపురం. ఓ సాయంత్రం అమ్మ, మేడ మీద అద్దెకుండే ఒడియా మౌసీ కూర్చుని, మౌసీ కూతురికి గుణుపురం సంబంధం కుదురుతుందా లేదా అని మాట్లాడుకుంటున్నారు. బల్లి టక్ టక్ టక్‌మంది. పెరట్లోంచి రాజా దూసుకొచ్చి, గోడ ముందు బుద్ధిగా కూర్చుని, మెడ పైకెత్తి బల్లి వంక చూశాడు. ఛెనా కోసమే. ఆ సంగతి ఇంట్లో మావాడికీ నాకూ తప్ప ఎవరికి తెలుసు?

మౌసీ రెండు చేతులూ జోడించేసింది. 1936లో ఒడిశా ఏర్పడ్డప్పుడు మా ఊరు మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి ఇటు వచ్చింది గానీ, బల్లి మాట సత్యమన్న నమ్మకానికి మాత్రం ఏ సరిహద్దూ గీయలేకపోయారు.

ఆ సంబంధం నిజంగానే కుదిరింది. ఇంకేముంది, వీధిలో పరీక్ష రాసిన పిల్లలు, పొలం కొనబోయేవాళ్ళు, అమ్మబోయేవాళ్ళు, అందరూ మా వసారాలోనే. మావాడు తల పట్టుకున్నాడు. "దీనికి ఏమీ పెట్టకండి అత్తయ్యా, మొదట ఇంకాస్త పేచీ పెడుతుంది, తర్వాత అదే మానేస్తుంది" అని బతిమాలాడు. "శకునం చెప్పిన జీవిని ఉత్త నోటితో పంపిస్తామా?" అంది అమ్మ. గుర్తుంటే బిస్కెట్ ముక్క పెట్టేది, మరిస్తే లేదు. ఇలా అప్పుడప్పుడూ దొరికే బహుమతికి పడిన అలవాటే అన్నిటికన్నా మొండిదని స్కిన్నరే తేల్చాడు. లాటరీ టికెట్లు కొనేవాళ్ళని చూస్తే దానికి ప్రయోగశాల కూడా అక్కర్లేదు. స్కిన్నర్ పేరు వినని మా అమ్మ రాజాని మావాడి కన్నా గట్టిగా తయారుచేసింది.

ఇంతలో రాయగడ నుంచి మావాడికే సంబంధం వచ్చింది. పిల్ల తండ్రి అరిసె కొరుకుతూ, "అబ్బాయి ఏం చేస్తుంటాడు?" అన్నారు.

"కుక్కలకి శిక్షణ ఇస్తాడండీ" అన్నాను. ఆయన అరిసె పళ్ళెంలో పెట్టేశారు. చేసేదేం లేక అందరం ట్యూబ్‌లైటు వంక చూశాం. ఊళ్ళో అందరి పెళ్ళిళ్ళకీ పలికిన బల్లి ఆ పూట నోరెత్తలేదు.

పోనీ జాతకమైనా రాసుకుందామని ఆయన జేబులోంచి పెన్ను తీసి నొక్కారు. టక్.

రాజా వచ్చి ఆయన కాళ్ళ ముందు శిష్యుడిలా కూర్చున్నాడు.

"ఖాయం! సంబంధం ఖాయం!" అని అమ్మ లేచి నిలబడింది. పెద్దాయన కళ్ళు పెద్దవయ్యాయి. "ఇదంతా అబ్బాయి నేర్పిందేనా? పిలవకుండానే?"

"అదేం లేదండీ, మీ పెన్ను..." అని మావాడు శాస్త్రం విప్పబోయాడు. మా ఆవిడ చప్పున ఒక అరిసె వాడి నోట్లో కుక్కింది.

వాడు నోరు మూసుకున్నాడు. వెంటనే ఇంకోటి పెట్టింది.