దిబ్బ అనకండి, కంపోస్ట్ అనండి

భూమిని కాపాడే బాధ్యత ఇన్నాళ్లూ ఎవరు చూసుకున్నారో తెలియదు కానీ, మొన్న జనవరి ఒకటో తారీఖు నుంచి నేను తీసుకున్నాను. ఉండేది బెంగళూరు, బెళ్లందూరు పక్కన పద్నాలుగో అంతస్తు. చెరువు కనిపిస్తుందని బిల్డరు కాస్త ఎక్కువే పుచ్చుకున్నాడు. 2017లో ఆ చెరువులోనే మంటలు లేచాయి. నురగ గాలికి లేచి రోడ్డెక్కిన రోజులూ ఉన్నాయి. నీళ్లు అంటుకోగా చూసిన ఊరివాణ్ని, ప్రకృతి గురించి నాలుగు ముక్కలు చెప్పే అర్హత మిగతావాళ్ల కంటే నాకే ఎక్కువని మనవి.

కంపోస్ట్‌తో మొదలుపెట్టాను. మూడు మట్టికుండలు, ఒకదాని మీద ఒకటి, బాల్కనీలో. కూరగాయల తొక్కలు పై కుండలో వేయాలి. వాటి మీద గుప్పెడు కొబ్బరిపీచు పొడి చల్లాలి. అప్పుడప్పుడూ కాస్త పుల్లమజ్జిగ పోయాలి. వారానికోసారి కలియబెట్టాలి. నిండాక కింది కుండకి దించాలి. ఈ వాక్యాలు వేటిలోనూ కర్త లేడు, గమనించారా? పర్యావరణ సాహిత్యమంతా ఇలాగే ఉంటుంది. మా ఇంటి వరకు ఆ కర్త మా పనావిడ. కదిరి దగ్గర ఓ పల్లె నుంచి వచ్చి పన్నెండేళ్లయింది.

కుండల మూత తీసి చూసి, "ఏందన్నా ఇది, దిబ్బ కదా?" అంది.

"దిబ్బ కాదమ్మా, కంపోస్ట్."

"మా ఊర్లో ఊరిబయట ఏసుకుంటారు. మీరు ఇంట్లో పెట్టుకున్నారే!"

అవగాహన లేనివాళ్లతో వాదించకూడదని ఊరుకున్నాను. మూడోవారానికి పై కుండలో తెల్లపురుగులు లుకలుకలాడాయి. నేను గంటసేపు చదివి, అవి మంచివేననీ, తడి ఎక్కువైతే వస్తాయనీ, పీచుపొడి ఇంకాస్త పోస్తే సర్దుకుంటాయనీ తేల్చాను. చదవడం నావంతు, పోయడం ఆవిడవంతు. ఆవిడ చదవకుండానే పోసేసిందని తర్వాత తెలిసింది.

మూడునెలలకి అడుగు కుండలో నల్లటి మట్టి దిగింది. గుప్పిట్లో పట్టుకొచ్చి నా ముక్కు దగ్గర పెట్టింది. అబద్ధమెందుకు, తొలకరి వాసన. ఒక్క క్షణం మా నాయన చేను, దాని గట్టు మీద విప్పిపెట్టిన చెప్పులు గుర్తొచ్చాయి. గొంతులో ఏదో అడ్డుపడినట్టయింది. వెంటనే ఫోను తీసి ఫొటో కొట్టాను. గాజులు కనపడకుండా కత్తిరించి మా తెలుగువాళ్ల గ్రూపులో పెడితే ఎనభై చప్పట్లు.

అయితే ఆవిడే అసలు పర్యావరణ ప్రేమికురాలు కదా అని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. ఒప్పుకోను. రోజూ రెండు కిలోమీటర్లు నడిచి వస్తుంది నిజమే, ఆటోకి డబ్బులు దండగని. ఒకే స్టీలు డబ్బా పన్నెండేళ్లుగా వాడుతోంది, సొట్టలు పడినా పారేయదు. చీర చిరిగితే బొంత, బొంత చిరిగితే మసిగుడ్డ. ఏసీ లేదు, విమానం తెలియదు. కానీ ఇందులో ఒక్కటైనా భూమి మీద ప్రేమతో చేసిందా? గతిలేక చేసింది లెక్కలోకి రాదండీ. గతి ఉండి, కొనుక్కుని, పదిమందికీ చెప్పి చేయాలి. నాకు వెదురు బ్రష్షుంది. గుడ్డసంచులు ఇరవై మూడున్నాయి, వెళ్లిన ప్రతి సదస్సులోనూ ఒకటి ఇస్తారు. అన్నీ కారు డిక్కీలోనే ఉంటాయి. కూరగాయల షాపు కౌంటరు దగ్గరకెళ్లాక అవి గుర్తొస్తాయి, అక్కడే ఇరవై నాలుగోది కొంటాను.

నీళ్ల పొదుపులోనూ మాది ఘనమైన చరిత్రే. ఈ ఊరికి కావేరి నీళ్లు దాదాపు 100 కిలోమీటర్ల నుంచి, అర కిలోమీటరు ఎత్తు పంపులతో ఎక్కించుకుంటే వస్తాయి. 2024 మార్చిలో బోర్లు ఎండిపోతే, తాగేనీళ్లతో కారు కడిగినవాళ్లకి 5000 రూపాయల జరిమానా అన్నారు. అదే వారం నా కారు కడగడం మానేశాను. భూమాత కోసమే. జరిమానా సంగతి మా ఆవిడ అనవసరంగా అందరికీ చెప్తోంది. పనావిడ ఆ నెలంతా వీధి చివర బిందెల వరసలో నిలబడి ఆలస్యంగా వచ్చేది. నీళ్ల సమస్య తీవ్రత నాకు అప్పుడే తెలిసింది, కాఫీగ్లాసులు కడిగేవాళ్లు లేక.

ప్రకృతితో మమేకం కావాలంటే చెప్పుల్లేకుండా నేల మీద నిలబడాలన్నారు. మా అపార్ట్‌మెంటులో నేల లేదు, టైల్సే. ఉన్న కాస్త పచ్చికా ప్లాస్టిక్‌ది. అందుకని లాల్‌బాగ్ వెళ్లాం. 1760లో హైదర్ అలీ మొదలుపెట్టిన తోట. పార్కింగుకే నలభై నిమిషాలు పట్టింది, ఏసీ వేసుకుని ఓపికగా కూర్చున్నాం. ఆ తోటలో కెంపేగౌడ బురుజు ఉన్న రాతిగుట్ట వయసు దాదాపు 300 కోట్ల సంవత్సరాలు. దాని ముందు డైనోసార్లు కూడా నిన్నమొన్నటి పిల్లలే. అంత ప్రాచీన శిల మీద, ఏప్రిల్ మధ్యాహ్నం పన్నెండింటికి, కళ్లు మూసుకుని వట్టికాళ్లతో నిలబడ్డాను. సుమారు నాలుగు సెకన్లు. తర్వాత నేను ఎగిరిన తీరు చూసి ఓ చిన్నపిల్లాడు ఐస్‌క్రీమ్ తినడం ఆపేశాడు. అరికాళ్లకి వెన్న రాసుకుంటూ ఆలోచిస్తే, మమేకం అయింది నేనే, శిల వైపు నుంచి స్పందనేమీ లేదు.

అంతకుముందు ఉగాది నాటి సంగతి కూడా చెప్పాలి. పచ్చడికి వేపపువ్వు లేదని పొద్దున్నే మా ఆవిడ గుర్తుచేసింది. ఫోన్లో ఆర్డరు పెట్టాను. గేటు పక్కనే వేపచెట్టుంది, కాదనను. కానీ పువ్వు కార్ల మీద రాలుతోందని, ఆ కొమ్మలు కొట్టించాలని అసోసియేషన్‌లో తీర్మానం పెట్టింది నేనే. తీర్మానం పెట్టి, ఆ చెట్టు కిందే వంగి పువ్వు ఏరుకుంటే ఏం మర్యాద?

ఆర్డరు తెచ్చిన కుర్రాణ్ని గేటు లోపలికి రానివ్వరు, కిందికి దిగాను. అదే సమయానికి పనావిడ కొంగులో దోసెడు వేపపువ్వు మూటగట్టుకుని లోపలికొస్తోంది. "చెట్టు కిందే ఉండాది కదన్నా" అంది. అది కడగనిది, శుభ్రత ఉండదని నచ్చజెప్పాను. డెలివరీ కుర్రాడు బండి ఆ చెట్టు కిందే పెట్టాడు. హెల్మెట్ మీద, సీటు మీద తెల్లగా పువ్వు. సీటు అరచేత్తో దులిపేసి, మూతకి టేపు వేసిన ప్లాస్టిక్ డబ్బా నా చేతికిచ్చి, "రేటింగ్ ఇవ్వండి సార్" అన్నాడు.

అయిదు ఇచ్చాను.