రేసు బండికి మా సందులో టెస్టింగు

రాత్రి పదకొండున్నరకి మా సందులో ఠప్ ఠప్ ఠప్‌మని పేలుళ్లు వినపడితే ఎవురూ తిట్టుకోబాకండి, అక్కడ సాంకేతిక పరీక్షలు జరుగుతుండాయి. ఆదివారం తెల్లారుజామున మా నెల్లూరు మైపాడు రోడ్డు మీద రేసంట, బండి రెడీ చేస్తుండారు. రేపు పరీక్ష ఉన్న పిల్లలు, బీపీ మాత్ర మింగి పడుకున్న నాలాంటోళ్లు ఇంత పెద్ద పనికి అడ్డం పడితే బాగుండదు గదా.

టీమంతా మంచి క్రమశిక్షణ గల పిల్లకాయలు. ఒకడు స్టాండేసిన బండి మీద కూర్చుని యాక్సిలరేటర్ మెలిపెడుతుంటాడు, ఇంకొకడు సైలెన్సర్ పక్కన గొంతుక్కూర్చుని, కళ్లు మూసుకుని చెవి ఆనిస్తాడు, గుండె డాక్టరు స్టెతస్కోపు పెట్టినప్పుడు కూడా మొహంలో అంత ఏకాగ్రత నేను చూడలా. "బేస్ చాల్లేదబ్బయా, ఇంకొంచెం కొట్టు" అంటాడు. మూడోవాడు ఫోన్ లైటేసి వీడియో తీస్తాడు. నాలుగోవాడి చేతిలో పాలిథిన్ కవరు, అందులో పీకేసిన అద్దాలు, నంబర్ ప్లేటు, వాళ్లమ్మ వెనక కూర్చునేటప్పుడు చీర చక్రంలో పడకుండా షోరూంలో అడిగి మరీ పెట్టించిన చీర గార్డు. ఆ తర్వాత అసలైన పరీక్ష. రైజ్ చేసి ఉండగానే తాళం ఆపి, మళ్లీ ఆన్ చేస్తారు. ఠప్! కుక్కలు గోడ దూకుతాయి, పక్కింటి చంటిబిడ్డ కేర్‌మంటుంది, చెవి పెట్టినవాడు వెనక్కి పడతాడు. లేచి, దుమ్ము దులుపుకుని, "సెట్టయింది నా!" అంటాడు.

ఏం సెట్టయింది రా నాయనా? కాలని పెట్రోలు పోయి వేడి గొట్టంలో మండితే వచ్చే చప్పుడు అది, దాంతో బండి ఒక్క గజం కూడా ముందుకు పోదు. సైలెన్సర్ లోపల చప్పుడు తగ్గించే జాలీ పీకేసి మిగతాదేం సరిచెయ్యకపోతే కింది గేర్లలో లాగుడే తగ్గుద్ది. ఈ మాట చెబితే "నీకు తెలీదు అంకుల్" అని ఐల్ ఆఫ్ మ్యాన్ అనే ద్వీపంలో రోడ్డు మీద జరిగే బైకు రేసు వీడియో తీసి మొహాన పెడతారు.

సరే, దాని గురించే మాట్లాడుకుందాం. బ్రిటన్‌లో గంటకి 20 మైళ్లు దాటకూడదని చట్టం ఉండటంతో రేసులోళ్లు ఆ ద్వీపానికి పోయారు, అక్కడి పార్లమెంటు 1904లో రేసుకి రోడ్డు మూసుకోవచ్చని చట్టం చేసింది. రోడ్డు మూసినాకే బళ్లు. 1907లో అక్కడ మొదటి టీటీ, అంటే టూరిస్ట్ ట్రోఫీ బైకు రేసు, గెలిచిన చార్లీ కాలియర్ సగటు గంటకి 61 కిలోమీటర్లు, ఈరోజు మన షేరాటో కూడా దాటేసే స్పీడు. 2023లో పీటర్ హిక్‌మన్ అనే రేసరు అదే ద్వీపంలో 60 కిలోమీటర్ల ల్యాపు, అంటే ఒక చుట్టు, సగటున గంటకి 219 కిలోమీటర్ల మీద తిరిగాడు. ఊరికే తిరగలేదు, రేసుకి ముందు రోజుల తరబడి ప్రాక్టీసు, దానికి ముందు బండి తనిఖీ. ఇంజన్ ఆయిల్ వదిలే డ్రెయిన్ బోల్టు ఊడిపోకుండా దానికి చిల్లు పెట్టి తీగతో కట్టుండాలి, ఇంజన్ పగిలినా ఆయిల్ రోడ్డు మీదికి కారకుండా కింద తొట్టి ఉండాలి, యాక్సిలరేటర్ వదిలితే దానంతటదే వెనక్కి రావాలి, చివరికి హెల్మెట్టూ గ్లోవ్సూ కూడా చూసి గానీ వదలరు. ఇంత చేసినా ఆ చుట్టు తిరిగే రోడ్డు, మౌంటెన్ కోర్సు అంటారు, దాని మీద 1911 నుంచి ఇప్పటికి 250 మందికి పైగా రైడర్లు పోయారు.

రేసు బళ్లకీ అద్దాలుండవు, ఇండికేటర్లుండవు, నిజమే. ఎదురొచ్చేవాడు ఉండడు గాబట్టి, పడితే గాజు పెంకులు రోడ్డు మీద ఉండకూడదు గాబట్టి. మావోళ్లు పీకే పనులన్నీ నేర్చుకున్నారు, బిగించే పని ఒక్కటీ నేర్చుకోలా. టైర్లో గాలి చూసినోడు లేడు, బ్రేకు షూ అరిగిందా లేదా చూసినోడు లేడు. హెల్మెట్ అంటారా, తగిలించుకునేదానికి అద్దమే లేకపోయె, ఇంక హెల్మెట్ ఎందుకు?

మరి బ్రేకు టెస్టు యాడ చేస్తారంటే, మైపాడు రోడ్డు మీదే. ఇందుకూరుపేట దాకా తెల్లారుజామున ఆ రోడ్డు మీద ఎవరుంటారో మీకు తెలీదా? రొయ్యల గుంటల కాడికి పనికి పొయ్యేవాళ్లు, పాల క్యాన్లోళ్లు, చేపల బుట్ట పక్కన పెట్టుకుని ఆటో కోసం నిలబడ్డ ఆడోళ్లు, కోతల కాలంలో సగం రోడ్డు మీద ఆరబోసిన వడ్లు. వాళ్లకి ఎవురు చెప్పారు ఈరోజు రేసని? ఆ బుట్టామె మీ రేసుకి పేరిచ్చిందా? రాత్రంతా చెవులు పెట్టి విన్నారే, ఆమె అరిస్తే మీ సైలెన్సర్ సౌండులో మీకు వినపడుద్దా? వీళ్లకి పందెం డబ్బులు పెట్టే పెద్దమనుషులు ఉండారు, పద్దెనిమిది నిండనోడని తెలిసీ జాలీ పీకి డబ్బులు తీసుకునే మెకానిక్కులు ఉండారు, రీలు చూసి "మన నెల్లూరు కుర్రోళ్లు" అని గుండె గుర్తులు పెట్టే సిగ్గులేని జనం ఉండారు. పోలీసులు అప్పుడప్పుడూ సైలెన్సర్లు రోడ్ రోలర్ కింద తొక్కించి ఫొటో దిగుతారు, ఆ ఫొటోని కూడా స్టేటస్ పెట్టుకునేది ఈ పిల్లకాయలే.

మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ ప్రకారం సర్కారు రాతపూర్వక అనుమతి లేకుండా రోడ్డు మీద రేసే కాదు, స్పీడు పరీక్ష కూడా నేరమే, మొదటిసారికి 3 నెలల దాకా జైలు, లేదా 5,000 దాకా జరిమానా, లేదా రెండూ. మైనరు నేరం చేస్తే 199ఏ కింద తండ్రికి 3 ఏళ్ల దాకా జైలు, పైన 25,000. ఇదంతా ఆ చెవి పెట్టేవాడి నాయనకి చెప్పా. ఆయన అరుగు మీద కూర్చుని పళ్లు కుట్టుకుంటూ సాంతం విన్నాడు. విని, "అది పట్టుకుంటే గదన్నా, మావోడిది యాడ అందుద్ది వాళ్లకి, ఆ స్పీడుకి" అని నవ్వాడు.