సంగమం సరే, పంతులుగారేరీ?

అమెరికాలో పిట్స్‌బర్గ్‌లోని పాయింట్ స్టేట్ పార్కును 1974లో పూర్తిచేసినవారికి ముందుచూపు తక్కువని విచారంతో రాయవలసి వస్తోంది. అలెగనీ, మొనాంగహేలా నదులు కలిసి ఒహాయోగా మారే చోట 36 ఎకరాల స్థలం, పచ్చిక, నీటిదాకా మెట్లు, అన్నీ కుదిరాయి. సంకల్పం చెప్పించే మనిషి ఒక్కడే లేడు. ఊరి శివారు పెన్ హిల్స్‌లో వేంకటేశ్వరస్వామి 1970ల నుంచే కొలువై ఉన్నాడు. దర్శనం చేసుకుని పులిహోర పొట్లాలు కట్టించుకున్న కుటుంబాలు ఆ తరవాత ఎటు పోతాయనుకున్నారో!

రాజమహేంద్రవరంలో పుట్టి పెరిగిన మా మామగారు మొదట ఆ నదులను లెక్కచేయలేదు. "మా అఖండ గోదావరి ముందు ఇవి పంటకాలువలు" అని తేల్చేశారు. అయితే 150 అడుగుల ఎత్తుకు చిమ్మే ఫౌంటెన్‌కు నీళ్లు ఆ నదులవి కావనీ, భూమి అడుగున ఇసుక, గులకరాళ్ల పొరల్లోంచి వస్తాయనీ మా అమ్మాయి చెప్పడమే తరవాయి, ఆయన చెప్పులు విడిచేశారు. రెండు నదులు పైన, మూడోది అంతర్వాహిని. ఇక ప్రయాగకు ఏం తక్కువ? "జంబూద్వీపే" బదులు ఇక్కడివాళ్లు చెప్పుకునే "క్రౌంచద్వీపే" అంటూ తనే సంకల్పం మొదలుపెట్టారు. అత్తగారు ఖాళీ సీసా కోసం సంచీ అంతా తిరగేశారు. సైకిల్ ఆపి చూస్తున్న ఒక తెల్లాయన, ఎందుకైనా మంచిదని, టోపీ తీశాడు.

ఇక చరిత్ర. ఫ్రెంచివారు 1754లో ఇక్కడ కోట కట్టి, నాలుగేళ్లకు బ్రిటిష్ సేన వస్తోందని తెలిసి తామే దాన్ని నాశనం చేసి వెళ్లిపోయారు. దాని హద్దులు ఇప్పుడు పచ్చికలో రాతి గీతలు. రెండు సామ్రాజ్యాలు కొట్టుకున్న ఆ నేలను మనవాళ్లు తుపాకీ పేల్చకుండా ఒక్క దుప్పటితో ఆక్రమించారు. బ్రిటిష్ వారు 1764లో కట్టిన ఇటుకల బ్లాక్‌హౌస్, అంటే కోట కాపలాకు కట్టిన చిన్న కట్టడం, మాత్రం నేటికీ నిలిచి ఉంది. దాని చుట్టూ తిరిగి వచ్చి, "ఐదు మూలల ఇల్లు! కట్టినవాళ్లు బాగుపడరు" అన్నారు మామగారు. పన్నెండేళ్లకు ఈ దేశం వాళ్ల చేయి జారడం మొదలైంది కాబట్టి వాస్తును తీసిపారేయలేం.

పొట్లాలు విప్పాక మా అమ్మాయి బడిలో చదివిన సంగతి ఎత్తింది. 1763లో ముట్టడిలో ఉన్న ఫోర్ట్ పిట్‌కు, అంటే ఇక్కడి బ్రిటిష్ వారి కోటకు, మాటలాడడానికి వచ్చిన డెలవేర్ అనే ఆదివాసీ తెగ ప్రతినిధులకు, లోపలివాళ్లు మశూచి ఆసుపత్రి దుప్పట్లు కానుకగా ఇచ్చి పంపారట. అందరం కింద పరిచిన దుప్పటి వంక చూశాం. "తినేటప్పుడు అవేం మాటలే!" అని అత్తగారు దాని పళ్లెంలో ఇంకో ముద్ద వేశారు. చరిత్ర అధ్యయనం అంతటితో సమాప్తం.

మిగిలిన పొద్దంతా ఫొటోలకే సరిపోయింది. ఫౌంటెన్ ముందు దంపతులు నిలబడినది కుటుంబ వాట్సాప్ బృందంలో పెట్టగానే హైదరాబాదు నుంచి పెద్దమ్మగారి జవాబు: "నయాగరా చాలా బాగుంది." మామగారు సవరించలేదు సరికదా, చేతులు జోడించిన బొమ్మ ఒకటి పంపారు.