మిడ్‌వే పక్షులకు ప్లాస్టిక్ ఒక్కటే శత్రువు కాదు
పసిఫిక్ మహాసముద్రంలోని మిడ్‌వే దీవిలో ఆల్బట్రాస్ అనే పెద్ద సముద్రపక్షి పిల్లల చావులకు ప్లాస్టిక్కే కారణమని ఒక వ్యాసంలో రాశారు. అది సగం మాటే. అక్కడి పాత అమెరికా నౌకాదళ భవనాలకు వేసింది సీసం కలిసిన రంగు. అది పెచ్చులుగా ఊడి గోడల పక్కనున్న ఇసుకలో కలిసింది. ఐదు నెలలకు పైగా గూడు దగ్గరే ఉండే పిల్ల, అందినదాన్నల్లా ముక్కుతో పొడిచి మింగుతుంది. సీసం నరాలను దెబ్బతీస్తుంది. రెక్కలు పైకి లేవవు, నేల మీద ఈడుస్తాయి. ఎగరలేని పిల్ల సముద్రానికి వెళ్లలేదు, ఆకలితో అక్కడే పోతుంది. ఏడాదికి ఒక్క గుడ్డుకు మించి పెట్టని పక్షి ఇది, ఒక్కో పిల్లా విలువైనదే! గోడలు గీకి కొత్త రంగు వేస్తే సరిపోయేది కాదు. పునాదుల చుట్టూ ఉన్న మట్టిని కూడా తీయాల్సి వచ్చింది, పెచ్చులు మిగిలింది అందులోనే.