పడ్డ గుర్రం చెడ్డది కాదు

పందెంలో డబ్బు పోగొట్టుకోవడానికి లోకంలో సవాలక్ష మార్గాలున్నాయి. డబ్బు పోయినా పరువు దక్కే మార్గం మాత్రం ఒక్కటే: గుర్రాలు కంచెలు దూకే పందెం. ఇంగ్లండుకు వచ్చినప్పటినుంచి చలికాలపు శనివారాలన్నీ ఈ శాస్త్రానికే ధారపోసినవాడిగా, పూర్తి బాధ్యతతో ఈ మాట చెబుతున్నాను.

మన మలక్‌పేటలో గుర్రాలు చదును నేల మీద పరుగెడతాయి. అక్కడ ఓడితే గుర్రానికి వేగం లేదని అర్థం. అంటే దాన్ని ఎంచుకున్నవాడికి బుద్ధి లేదని అర్థం. ఆడలేక మద్దెల ఓడన్నట్టు జాకీని తిట్టుకున్నా ఎవరూ నమ్మరు. కంచెల పందెంలో మద్దెల నిజంగానే, అందరి కళ్లెదుటా పగులుతుంది. లివర్‌పూల్ పక్కన ఎయిన్‌ట్రీలో జరిగే గ్రాండ్ నేషనల్‌లో దాదాపు 6.9 కిలోమీటర్ల దూరం, 30 దూకుళ్లు. అంటే నా తీర్పు తప్పని ఎవరూ నిరూపించలేకపోవడానికి ముప్పై అవకాశాలు. "పడకపోతే గెలిచేదే" అన్న వాక్యాన్ని ఖండించగల తర్కం ఇంతవరకు పుట్టలేదు.

గుర్రం పేరు పక్కన దాని గత పందేల చరిత్ర వేస్తారు. అంకెలుంటే వచ్చిన స్థానాలు. ఎఫ్ అంటే పడింది, యు అంటే జాకీని పడేసింది, పి అంటే మధ్యలో ఆపేశారు, ఆర్ అంటే దూకనని మొరాయించింది. పామరులు ఒకటి అంకె కోసం వెతుకుతారు. పండితుడి చూపు ఎఫ్ దగ్గర ఆగుతుంది. నాలుగో స్థానంలో వచ్చిన గుర్రం తన సత్తా ఎంతో చెప్పేసింది. పడ్డది ఇంకా చెప్పలేదు. చచ్చిన గేదెకు పాలెక్కువ అని మన పెద్దలు ఎగతాళిగా అన్నారు గాని, నేను ఆ గేదె మీద పదేసి పౌండ్ల ఈచ్‌వే కాస్తాను. (ఈచ్‌వే అంటే గెలుపు మీద ఒక పదీ, ముందు వరసలో వస్తే చాలని ఇంకో పదీ. పది అని చెప్పుకుంటూ ఇరవై పోగొట్టుకునే సదుపాయం.)

1956 గ్రాండ్ నేషనల్‌లో ఇంగ్లండు రాజమాత గారి గుర్రం డెవన్ లోక్ అన్ని కంచెలూ దాటి, గెలుపు గీత కూతవేటు దూరంలో ఉండగా, అడ్డమేమీ లేని గడ్డి మీద కాళ్లు బార్లా చాపి కూలబడింది. నీళ్ల కంచె నీడ చూసి బెదిరిందని కొందరు, కండరం పట్టేసిందని కొందరు, జనం కేకలకు అదిరిందని కొందరు. జవాబు దొరకని ఆ జాకీ తర్వాత నేరపరిశోధన నవలలు రాసి పేరు తెచ్చుకున్నాడు.

మా శాస్త్రానికి స్వర్ణయుగం 1967. జాకీ లేకుండా పరుగెడుతున్న గుర్రం ఒకటి 23వ కంచె ముందు అడ్డంగా తిరిగింది. వెనకవన్నీ వచ్చి గుట్టగా పడ్డాయి. ఒకటికి వంద ధర పలికిన ఫోయినావన్ ఎంత వెనకబడి ఉందంటే, ఆ గుట్టలో చిక్కుకునే యోగ్యత కూడా దానికి లేకపోయింది. సందు చూసుకుని దూకి గెలిచింది. యజమానీ ట్రైనరూ కూడా మైదానానికి రాలేదు. ఆ రోజు దిగినవి 44 గుర్రాలు. మిగిలిన 43 గుర్రాల వాళ్ల అంచనాలూ సరైనవే. ఫోయినావన్ మీద కాసినవాడికి మాత్రం పాపం, డబ్బు తప్ప ఏమీ దక్కలేదు.

1993 మాత్రం మాయని మచ్చ. ప్రారంభంలోనే గందరగోళమైనా, ఆగమన్న సంగతి తెలియని జాకీలు చాలామంది పరుగు సాగించారు. ఈషా నెస్ ముందు వచ్చింది. పందెం చెల్లదన్నారు. డబ్బు తిరిగి ఇచ్చేశారు! ఓడిపోయే హక్కును కూడా లాక్కుంటారా?

సాధనలో పైమెట్టు మార్చిలో జరిగే చెల్టెన్‌హమ్ పందేల మీద నెలల ముందే కాయడం. ఈలోగా గుర్రం కాలు బెణికి అసలు దిగకపోతే, ముందే వేరే షరతు లేకుంటే, సొమ్ము బుకీదే. కాని దిగని గుర్రం ఓడిందని ఎవరనగలరు?

నా పుస్తకంలో రెండు పద్దులున్నాయి. మొదటిది పోయింది. రెండోది రావలసింది. రెండో పద్దు ప్రకారం మాకు సొంత ఇల్లుంది. "ఏమండీ, పడని గుర్రం మీద కాయకూడదా?" అని మా ఆవిడ ఒకసారి అడిగింది. ఆమెకు శాస్త్రంలో ప్రవేశం లేదు.

2024 నుంచి గ్రాండ్ నేషనల్‌లో గుర్రాల సంఖ్య 40 నుంచి 34కు తగ్గించారు. పందెం చప్పబడిందని మావాళ్లు గొణిగారు. నేనూ గొణిగాను. పడ్డ గుర్రం లేవకపోతే దాని చుట్టూ తెరలు కడతారు. రెండో చుట్టులో మిగిలినవాటిని ఆ కంచె పక్కనుంచి తిప్పి పంపుతారు. కెమెరా ముందున్న గుర్రాల వెంట వెళ్లిపోతుంది. మా లిపిలో లేచినదానికీ ఎఫ్ అక్షరమే, లేవనిదానికీ ఎఫ్ అక్షరమే.

అలాంటిదొకటి నా పుస్తకంలో ఉంది. మరుసటి చలికాలం జాబితాలన్నీ వెతికాను, దాని పేరు లేదు. రెండో పద్దులోంచి మాత్రం కొట్టేయలేదు.